మూడున్నర వేల మాటలు వచ్చు, ప్యాసేజ్ మాత్రం అర్థం కాదు: చైనా ఇంటర్ పిల్లకి ఇంగ్లిష్ ఎలా చెప్పాలి?

కాలువగట్టు | శనివారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇక్కడ టీచర్లూ లెక్చరర్లూ చాలామంది ఉన్నారని ఒక సలహా కోసం వచ్చాను. పోస్టు కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మేము ఉండేది చైనాలో సుజౌ. మావారి ఉద్యోగం మీద వచ్చి మూడేళ్లయింది. మా కింది అంతస్తులో ఒక అమ్మాయి ఉంది, పదకొండో తరగతి, అంటే మన ఇంటర్ ఫస్టియర్. హాస్టల్ చదువు. శనివారం సాయంత్రం ఇంటికొస్తుంది, ఆదివారం చీకటి పడేలోపు మళ్లీ వెళ్లిపోతుంది. ఆ మధ్యలో ఆదివారం పొద్దున రెండు గంటలు నా దగ్గర కూర్చుని ఇంగ్లిష్ చదువుతుంది. ఫీజూ గీజూ ఏమీ లేదు. బదులుగా వాళ్ల నాయనమ్మ నాకు వాంటన్లు, అంటే పిండి రేకుల్లో కూరం పెట్టి చేసే కుడుములు, మడవడం నేర్పుతోంది. నావి ఇప్పటికీ సమోసాల్లాగే వస్తున్నాయి, అది వేరే బాధ.

పిల్ల మహా కష్టజీవి. వాళ్లకి పరీక్షకి మూడున్నర వేల మాటలు రావాలని ఒక లెక్క, దానికో చిన్న పుస్తకం. అక్షరక్రమంలో మొట్టమొదట కాస్త బరువైన మాట అబాండన్. పుస్తకం తెరవగానే వదిలెయ్యమని అదే చెబుతోంది కదా అని చైనా పిల్లల్లో పాత జోకు. ఈ పిల్ల పుస్తకం మొదటి పది పేజీల అంచులు వేళ్ల మురికికి నల్లబడిపోయాయి. అలాగని చివరి పేజీల్లో మాట అడిగితే తడుముకుంటుందా అంటే అదీ లేదు. ఎక్కడ వేలు పెట్టి అడిగినా టక్కున అర్థం చెబుతుంది.

కానీ పోయిన వారం ప్యాసేజ్‌లో ఈ వాక్యం వచ్చింది: ద సిటీ హాజ్ టేకెన్ స్టెప్స్ టు అడ్రస్ ద ప్రాబ్లమ్. చాలాసేపు చూసి, నగరం మెట్లు తీసుకెళ్లి సమస్యకి చిరునామా రాసింది అంది. సమస్య తీర్చడానికి నగరం చర్యలు తీసుకుందని కదా దానర్థం. నవ్వలేదు నేను. ఎందుకంటే ఆ పిల్ల నేర్చుకున్న ప్రకారం ప్రతి మాటా కరెక్టే!

ఇంకోటి. కథని పొడిగించి రాసే ప్రశ్న ఒకటుంది వాళ్లకి. మూడు వేర్వేరు కథలు రాయించాను. మూడింట్లోనూ 'ఎ వేవ్ ఆఫ్ శాడ్‌నెస్ వాష్డ్ ఓవర్ హర్' అని ఉంది. ఒక కథలో పోయింది పెన్సిల్ డబ్బా. పెన్సిల్ డబ్బాకి దుఃఖపు కెరటం అవసరమా అంటే, 'ఆంటీ, ఇది హై మార్క్ సెంటెన్స్' అంది.

ఎక్కణ్ణుంచి మొదలెట్టమంటారు?

సుద్దముక్క | శనివారం, రాత్రి 10:15

గుంటూరులో ఇరవై రెండేళ్లుగా జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెబుతున్నాను. ముందు ప్రశ్నపత్రం ఎలా ఉంటుందో చెప్పమ్మా. ఎక్కడ ఎన్ని మార్కులున్నాయో తెలియకుండా సలహా ఇవ్వడం నాడి పట్టుకోకుండా మందు రాయడమే.

ఒక్క మాట మాత్రం ఇప్పుడే చెబుతాను. మూడున్నర వేల మాటలు కంఠతా వచ్చిన పిల్లని చూసి బెంగ పెట్టుకున్నారు, మీరు అదృష్టవంతులు. మా దగ్గర మూడున్నర వందలు వచ్చినవాడు క్లాసుకి లీడరు.

కాలువగట్టు | శనివారం, రాత్రి 11:02

మాస్టారూ, పాత పేపర్లు ముందేసుకుని రాస్తున్నాను. పరీక్ష పేరు గావోకావో, పన్నెండో తరగతి చివర కాలేజీ సీటు కోసం రాసేది. జూన్ 7న మొదలవుతుంది, ఇంగ్లిష్ 8వ తేదీ మధ్యాహ్నం 3 నుంచి 5 దాకా. మొత్తం 750 మార్కుల్లో చైనీస్‌కి 150, లెక్కలకి 150, ఇంగ్లిష్‌కీ 150. అంటే లెక్కలతో సమానం. 2024లో కోటీ ముప్ఫై నాలుగు లక్షల మందికి పైగా పేర్లిచ్చారు.

మా సుజౌ ఉన్న జియాంగ్సు రాష్ట్రంలో పెట్టే పేపరు ఇలా ఉంటుంది. వినికిడి 30. చదివి జవాబులు గుర్తించడం 50: ఏ, బీ, సీ, డీ అని నాలుగు ప్యాసేజ్‌లు, వాటికి 15 ప్రశ్నలు, ఒక్కోటి రెండున్నర. ఆఖరి డీ ప్యాసేజే మా పిల్లకి అస్సలు లొంగదు. ఇవి కాక 'ఏడింట్లో ఐదు' అని ఒకటుంది. ప్యాసేజ్‌లో ఐదు వాక్యాలు తీసేసి, కింద ఏడు ఇస్తారు. ఏది ఎక్కడ అతుకుతుందో చెప్పాలి, రెండు మిగిలిపోతాయి. తర్వాత ఖాళీలు 30: సగం మాట ఎంచుకునేవి, సగం వ్యాకరణంతో పూరించేవి. చివర్న రాత 40: ఎనభై మాటల ఉత్తరానికి 15, కథ పొడిగింపుకి 25. ఆ కథలో రెండు పేరాలకీ మొదటి వాక్యం వాళ్లే ఇస్తారు, నూటయాభై మాటల్లో పూర్తి చెయ్యాలి. అంతా రెండు గంటల్లో.

ఉత్తరం రాసేది ఎప్పుడూ ఒకడే, లీ హువా అని ఊహాపురుషుడు. 'నువ్వు లీ హువావి అనుకో' అని మొదలవుతుంది ప్రశ్న. దశాబ్దాలుగా ఆయన విదేశీ స్నేహితులకి ఉత్తరాలు రాస్తూనే ఉన్నాడు, జవాబు ఒక్కటీ వచ్చినట్టు లేదు.

రెండోబెంచీ | ఆదివారం, ఉదయం 7:20

లెక్కలతో సమానమా! మాకు ఎంసెట్‌లో లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ అంతే. ఇంటర్‌లో ఇంగ్లిష్ పీరియడ్ అంటే హోంవర్కు చేసుకునే పీరియడ్. తీరా క్యాంపస్ ఇంటర్వ్యూలో 'టెల్ మీ ఎబౌట్ యువర్‌సెల్ఫ్' దగ్గర చెమటలు పట్టాయి.

సుద్దముక్క మాస్టారు ఏమీ అనుకోకూడదు.

చీనీచదువు | ఆదివారం, ఉదయం 8:05

అక్కా, నేను జేఎన్‌యూలో చైనీస్ చదువుతున్నాను. ఇంగ్లిష్ చదివేటప్పుడు ఆ అమ్మాయి బుర్రలో ఏం జరుగుతోందో కొంత చెప్పగలను.

చైనీస్‌లో క్రియ రూపం మారదు. 'వెళ్లు' అన్న మాట నిన్నటికీ అదే, రేపటికీ అదే. కాలం తెలియడానికి 'నిన్న', 'రేపు' అన్న మాటో, పక్కన ఒక చిన్న ముక్కో చాలు. పుస్తకం ఒకటైనా పదైనా అదే మాట. ఎ, ద అసలు లేవు. అతను, ఆమె రెండూ నోటితో అన్నప్పుడు 'థా'నే, రాతలోనే తేడా. అందుకే వాళ్లమ్మ గురించి చెబుతూ హీ అంటే కంగారుపడకండి. 'ఆల్దో' అని మొదలెట్టి మధ్యలో 'బట్' కూడా పెడుతుంది చూడండి, చైనీస్‌లో ఆ రెండూ జంటగానే వస్తాయి మరి. 'నువ్వు రావా?' అంటే 'అవును, రాను' అంటారు. మనమూ అంతే కదా! ఇంగ్లిష్‌వాళ్లకి అక్కడ 'నో' కావాలి.

అసలు సంగతికొస్తాను. డీ ప్యాసేజ్ లొంగకపోవడానికి సగం కారణం మాటలు కాదు, వాక్యంలో వరస. ఈ వాక్యం చూడండి:

ద గర్ల్ హూ లివ్జ్ డౌన్‌స్టెయిర్స్ లాస్ట్ ది అంబ్రెల్లా దట్ హర్ గ్రాండ్‌మదర్ హాడ్ బాట్ ఇన్ షాంఘై.

తెలుగులో: కింద ఉండే పిల్ల, నాయనమ్మ షాంఘైలో కొన్న గొడుగు పోగొట్టుకుంది.

చైనీస్ వరసలో: కింద ఉండే పిల్ల, పోగొట్టుకుంది, నాయనమ్మ షాంఘైలో కొన్న గొడుగు.

క్రియ చోటు మారింది గానీ 'కింద ఉండే' అన్నది పిల్లకి ముందే, 'నాయనమ్మ కొన్న' అన్నది గొడుగుకి ముందే. మనకీ వాళ్లకీ తోక ముందు, తల వెనక. ఇంగ్లిష్‌లో తల ముందొచ్చేసి తోక వెనకాల ఈడ్చుకుంటూ వస్తుంది. చిన్న తోకైతే ఫర్వాలేదు. డీ ప్యాసేజ్‌లో తోకకి తోక, దానికింకో తోక. వాక్యం సగానికొచ్చేసరికి తల ఏదో మర్చిపోతుంది పిల్ల. ఈ తిప్పలు అమెరికా టీచరుకి అర్థం కావు, మీకు అవుతాయి. మీరూ చిన్నప్పుడు ఇదే తిప్పలు పడ్డారు కాబట్టి.

పెన్సిల్ ఇచ్చి హూ, విచ్, దట్ కనబడ్డ ప్రతిచోటా ఒక గీత పెట్టమనండి. గీత నుంచి తోక ఎక్కడ అయిపోయిందో అక్కడిదాకా వేలితో మూసెయ్యమనండి. మిగిలింది చదవమనండి: ద గర్ల్ లాస్ట్ ది అంబ్రెల్లా. ఎవరు, ఏం చేశారు, అయిపోయింది. తర్వాత వేలు తీసి తోకలు ఒక్కొక్కటే కలుపుకోవడమే.

సుద్దముక్క | ఆదివారం, ఉదయం 9:30

భేష్ తమ్ముడూ. ఈ వేలితో మూసే పద్ధతి రేపే మా క్లాసులో వాడతాను.

కానీ బట్టీని అంత తేలిగ్గా తీసెయ్యకండి. మన పెద్దలు ఎక్కాలు వల్లె వేయించారు, పద్యాలు వల్లె వేయించారు. అర్థం తర్వాత తెలిసింది, ముందు నోటికి పట్టింది. నోట్లో లేనిది చేతిలోకి ఎక్కణ్ణుంచి వస్తుంది?

చీనీచదువు | ఆదివారం, ఉదయం 9:52

మాస్టారూ, మీరు 'కంఠతా' అన్నారు కదా. చైనీస్‌లో కంఠస్థం చెయ్యడానికి 'పెయ్' అంటారు. అదే అక్షరానికి ఇంకో అర్థం వీపు. పూర్వం శిష్యుడు గురువుకి వీపు తిప్పి నిలబడి పాఠం అప్పజెప్పేవాడట. మనది గొంతులో, వాళ్లది వీపు మీద.

నేను బట్టీకి వ్యతిరేకిని కాను. దేన్ని బట్టీ పడుతున్నారన్నదే నా గొడవ. మీరు వల్లె వేయించింది పద్యాన్ని. నిఘంటువుని కాదుగా?

తెల్లకోటు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

హుబేలో ఎంబీబీఎస్ చేసి తిరిగొచ్చినవాణ్ణి. మా హాస్టల్ పక్కనే ఒక హైస్కూల్ ఉండేది. పొద్దున ఏడింటికల్లా తేనెతుట్టె కదిలినట్టు ఒకటే రొద. పిల్లలందరూ ఒకేసారి పైకి చదవడం, ఎవడి పాఠం వాడిది. కొందరు నిద్ర ఆపుకోవడానికి లేచి నిలబడి చదివేవాళ్లు. ఒకరోజు ఇంగ్లిష్, ఒకరోజు చైనీస్. మొదటి నెల తిట్టుకున్నాను, రెండో నెల నుంచి అదే నా అలారం.

మా యూనివర్సిటీలో వారానికోసారి సాయంత్రం చెట్టు కింద 'ఇంగ్లిష్ కార్నర్' జరిగేది. నన్ను చూడగానే ముప్ఫైమంది చుట్టుముట్టేవాళ్లు. ఏ దేశం, చైనా తిండి నచ్చిందా, చలి తట్టుకుంటున్నావా? మూడు ప్రశ్నలయ్యాక నిశ్శబ్దం. వీళ్లలో కొందరు రాసిన వ్యాసాలు చూశాను, వ్యాకరణం నాకంటే నయం. నోరు మాత్రం తెరుచుకోదు. పేపరులో మాట్లాడే పరీక్ష లేదు మరి.

మాటలు గుర్తుపెట్టుకోవడానికి వాళ్లకి భలే చిట్కాలుంటాయి. అంబులెన్స్‌ని 'ఆన్ పు నంగ్ స్' అంటారు. చైనీస్‌లో దానర్థం 'నేను చావకూడదు'! పెస్ట్‌ని 'పై స్ థా' అంటారు, అంటే 'కొట్టి చంపు దాన్ని'. డాక్టరునయ్యాక కూడా అంబులెన్స్ చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. మనవాళ్లూ తక్కువ తినలేదు, అసాసినేషన్ స్పెల్లింగ్‌కి గాడిద పక్కన గాడిద, ఆ పక్కన నేను, నా వెనక దేశం అని నేర్పాడు మా సీనియర్.

రెండోబెంచీ | ఆదివారం, మధ్యాహ్నం 1:25

'నేను చావకూడదు' హైలైట్ అన్నా. ఇంటర్‌లో ఈ డాక్టరుగారు మా పక్క బెంచీలో ఉండుంటే నేనూ డిక్షనరీ చదివేవాణ్ణి.

గోదారిగట్టు_టీచర్ | ఆదివారం, రాత్రి 8:45

జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లిష్ చెబుతాను. సరదా చిట్కాలు స్పెల్లింగ్ వరకే అక్కరకొస్తాయి. కాలువగట్టు గారి పిల్లకి స్పెల్లింగ్ బాధ లేదు. ఆమెది తెలిసిన మాటకి తెలియని అర్థం వచ్చే బాధ.

అడ్రస్ అంటే చిరునామా అని ఒక్కటే నేర్చుకుంది. దాన్ని కొట్టెయ్యకండి, పక్కనే ఇంకో గది కట్టండి. ఒక నోటుబుక్కు పెట్టించండి. అందులో కొత్త మాటలు ఒక్కటీ రాయకూడదు, అన్నీ పాత మాటలే. ఫైన్: బాగుంది, జరిమానా. నావెల్: నవల, కొత్తది. బుక్: పుస్తకం, ముందే సీటు పట్టుకోవడం. కవర్: మూత, నలభై మైళ్లు నడవడం, పేపరుకి వార్త రాయడం. ఒక్కో అర్థానికి తను చదివిన ప్యాసేజ్‌లోంచే వాక్యం ఎత్తి రాయాలి. వాక్యం దొరక్కపోతే ఆ అర్థం రాయొద్దు. ఇది ఖచ్చితంగా పాటించాలి, లేకపోతే అదీ ఇంకో మూడున్నర వేల మాటల పుస్తకమై కూర్చుంటుంది.

వాక్యాల నమూనాలకి నా పద్ధతి వేరు. బోర్డు మీద సూత్రం రాయను. ఒక వాక్యం ఇస్తాను, దాన్ని వాళ్లింట్లోకి తీసుకెళ్లమంటాను. 'ఇట్ వజ్ నాట్ అంటిల్ ద రెయిన్ స్టాప్డ్ దట్ వి లెఫ్ట్.' ఇప్పుడు మీ నాన్న గురించి ఇలాగే ఒకటి, మీ ఇంటి గేదె గురించి ఒకటి, నిన్నటి క్రికెట్ గురించి ఒకటి. పోయినేడు మా క్లాసులో ఒక పిల్లాడు 'కరెంట్ వచ్చేదాకా అమ్మ నన్ను తిట్టడం ఆపలేదు' అన్న సంగతిని ఈ అచ్చులో పోసి చెప్పాడు. ఇక ఆ నమూనా వాడు జన్మలో మర్చిపోడు. మీ పిల్లకి గేదె లేకపోతే నాయనమ్మ ఉందిగా.

కాలువగట్టు | సోమవారం, ఉదయం 10:30

టీచర్ గారూ, నాయనమ్మ ఉంది, ఆవిడ గురించి ఎన్ని వాక్యాలైనా వస్తాయి!

ఇక్కడి బడిలో నమూనాలు జాబితాగా ఇచ్చేస్తారు. 'నాట్ ఓన్లీ'తో మొదలుపెట్టి క్రియ ముందుకి లాగడం, 'ఓన్లీ ఇన్ దిస్ వే కెన్ వి' అనడం, 'విత్' పెట్టి వెనక ఒక నామవాచకం, దాని వెనక ఐఎన్‌జీ. వీటిని 'హై క్లాస్ సెంటెన్స్' అంటోంది పిల్ల. ఒక్కో ఉత్తరంలో కనీసం మూడు ఉండాలట. లీ హువా పింగ్‌పాంగ్‌కి పిలుస్తూ స్నేహితుడికి రాసిన చిన్న ఉత్తరంలో మూడూ దూర్చింది. పెళ్లిబట్టలేసుకుని కూరగాయల బజారుకి వెళ్లినట్టుంది.

చేతిరాత సంగతి కూడా చెప్పాలి. అచ్చు వేసినట్టు గుండ్రంగా, ఒక్కో అక్షరం విడివిడిగా రాస్తుంది. హెబేలో హెంగ్‌షుయి హైస్కూల్ పేరు మీద ఆ రాతకి 'హెంగ్‌షుయి రాత' అని పేరు. కాపీ పుస్తకాలు కొని మరీ సాధన చేస్తారు. జవాబు పత్రాలు స్కాన్ చేసి కంప్యూటర్ తెర మీద దిద్దుతారు, అందుకే రాత తేటగా ఉండాలంటారు. మావారు చూసి ఇది ప్రింటవుట్ అనుకున్నారు.

బెజవాడ_కోచింగ్ | సోమవారం, ఉదయం 11:00

[ఈ పోస్టును నిర్వాహకులు తొలగించారు. ప్రకటనలు వేరే విభాగంలో పెట్టుకోగలరు.]

సుద్దముక్క | సోమవారం, సాయంత్రం 6:40

ముందొక హెచ్చరిక. హై క్లాస్ వాక్యాలు మానిపించే ముందు ఆలోచించండి. మనం ఇక్కడ కూర్చుని సహజంగా రాయమంటాం. అక్కడ దిద్దేవాడి ముందు ఒకదాని వెనక ఒకటి వందల పేపర్లు. ఆయనకి మొదటి మూడు లైన్లలో ఏదో ఒకటి మెరవాలి. మా దగ్గర కూడా కొటేషన్‌తో మొదలైన వ్యాసానికి ఒక మార్కు ఎక్కువ పడుతుందని పిల్లలు నమ్ముతారు. దిద్దేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, వాళ్ల నమ్మకం పూర్తిగా అబద్ధం కాదు.

పిల్ల భవిష్యత్తుతో ప్రయోగాలొద్దు. కెరటం ఒక్కటి ఉంచండి, రెండోది తీసెయ్యండి.

చీనీచదువు | సోమవారం, రాత్రి 9:15

ఇక్కడ మీతో పేచీ, మాస్టారూ. ఆ కథ పొడిగింపు ప్రశ్న పుట్టిందే ఈ జాడ్యానికి విరుగుడుగా. గ్వాంగ్‌డాంగ్ విదేశీ భాషల విశ్వవిద్యాలయంలో వాంగ్ ఛూమింగ్ అనే ఆచార్యుడు దాని వెనకున్న ఆలోచనని చాలా ఏళ్లు ముందుకు తెచ్చాడు. మంచి ఇంగ్లిష్‌లో ఉన్న కథ చదివి, ఆ ఊపులోనే మిగతాది నువ్వు రాస్తే, చదివిన భాష నీ చేతికి అంటుకుంటుంది అని. 2016 అక్టోబర్లో జెజియాంగ్ రాష్ట్రం పరీక్షలో మొదట పెట్టారు, తర్వాత మిగతా చోట్లకి పాకింది.

అంటే అరువు తెచ్చుకోవాల్సింది ఇచ్చిన కథలోంచి. గైడులోంచి కాదు. ఇచ్చిన కథ పొట్టి వాక్యాల్లో నడుస్తుంటే, పొడిగించినవాడు కెరటాలూ తుఫానులూ తెస్తే అతుకు కనబడిపోదూ?

2024 పేపరు చూడండి. వియన్నాలో బస్సు తప్పిపోయిన ప్రయాణికుణ్ణి రాత్రికి రాత్రే ప్రాగ్ చేర్చిన టాక్సీ డ్రైవరు కథ. తీరా డబ్బు కట్టే దగ్గర ఇబ్బంది. డ్రైవరు పేరేంటో తెలుసా? గుంటర్.

రెండోబెంచీ | సోమవారం, రాత్రి 9:21

మాస్టారూ, మీ ఊరి పేరు గావోకావోలో వచ్చింది. ఇక మీరు ఒప్పుకోవాల్సిందే.

సుద్దముక్క | సోమవారం, రాత్రి 9:50

ఊరి పేరు వచ్చినంత మాత్రాన ఒప్పుకోను. గుంటర్ అయినా గుంటూరు అయినా పేపరు దిద్దేది మనిషే.

అయితే ఒకటి. చదివిన కథనే మళ్లీ వాడుకోవాలన్న మాట నాకు నచ్చింది. కాలువగట్టు అమ్మా, ఇలా చేసి చూడు. ఒకే ప్యాసేజ్‌ని వారమంతా నమిలించు. ఆదివారం చదవాలి, తోకలు మూసి తలలు పట్టుకోవాలి. సోమవారం నుంచి పొద్దున ఎలాగూ పైకి చదువుతారంటున్నారు కదా, మాటల జాబితా బదులు ఈ ప్యాసేజే చదవాలి. బుధవారం పుస్తకం మూసి చైనీస్‌లో చెప్పుకోవాలి. శుక్రవారం ఆ చైనీస్ చూసి తిరిగి ఇంగ్లిష్‌లో రాయాలి. ఆదివారం నీ దగ్గర అసలుతో పక్కపక్కన పెట్టి చూడాలి. తేడా ఎక్కడొచ్చిందో అక్కడే పాఠం. ఇదీ బట్టీయే, కాదనను. మాటని కాదు, వాక్యాన్ని బట్టీ పట్టడం. ఇందులో తమ్ముడూ నేనూ ఒకటే.

చీనీచదువు | సోమవారం, రాత్రి 10:04

ఒప్పుకున్నాను మాస్టారూ. వాళ్లు తప్పుల పుస్తకమని ఒకటి పెట్టుకుంటారు, చేసిన ప్రతి తప్పూ కత్తిరించి అంటించుకోవడానికి. ఆ తేడాలన్నీ అందులోకి పోతాయి.

ప్యాసేజ్ కావాలంటే బీజింగ్ పీపుల్స్ ఎడ్యుకేషన్ ప్రెస్ వాళ్ల పదో తరగతి వాచకంలో 1976 జూలై 28 టాంగ్‌షాన్ భూకంపం పాఠం ఉంది. భూకంపానికి ముందు బావుల్లో నీళ్లు పైకీ కిందకీ ఊగడం, కోళ్లూ పందులూ మేత ముట్టకపోవడం, ఎలుకలు దాక్కునే చోటు కోసం బయటికి పరుగులు తీయడం. చిన్న వాక్యాలు, బరువైన సంగతి. మీ జియాంగ్సులో యీలిన్ ప్రెస్ పుస్తకాలు నడుస్తాయి కాబట్టి ఆ అమ్మాయి ఇది చదివి ఉండకపోవచ్చు, ఇంకా మంచిది.

తెల్లకోటు | మంగళవారం, ఉదయం 6:30

'ఏడింట్లో ఐదు'కి ఎవరూ ఏమీ చెప్పలేదు. మా జూనియర్ ఒకడు చెప్పింది: ముందు ఖాళీ చుట్టూ ఉన్న సర్వనామాలు చూడాలట. ఖాళీ తర్వాత వాక్యం 'దె' అని మొదలైతే, ఖాళీలో ఎవరో ఒకరు బహువచనంలో ఉండి తీరాలి. 'హవెవర్' ఉంటే ముందు వాక్యం దానికి ఎదురు తిరగాలి. డిటెక్టివ్ పని, అంతే.

డ్యూటీకి టైమైంది, ఉంటాను.

కాలువగట్టు | నాలుగు వారాల తర్వాత, ఆదివారం మధ్యాహ్నం 2:15

అందరికీ థాంక్స్. ఆలస్యానికి ఏమీ అనుకోకండి. మధ్యలో వాళ్లకి నెలవారీ పరీక్షలొచ్చాయి, అవి అయ్యాక చెబుదామని ఆగాను.

భూకంపం పాఠంతో మొదలుపెట్టాం. మొదటి శుక్రవారం తిరిగి రాసింది చూస్తే, 'ద చికెన్స్ అండ్ పిగ్స్ ఈజ్ టూ నెర్వస్' దగ్గర మొదలై అన్నీ వర్తమానంలోనే. చీనీచదువు తమ్ముడు చెప్పింది కళ్లకి కట్టింది. నేను ఎర్ర పెన్ను ముట్టుకోలేదు. అసలు పేజీ పక్కన పెట్టి ఊరుకున్నాను. రెండు నిమిషాలు చూసి తనే 'ఆంటీ, ఆల్ ఫినిష్డ్ థింగ్' అంది. అన్నీ అయిపోయిన సంగతులు కదా అని. మూడో వారానికి క్రియలు చాలావరకు దారికొచ్చాయి. ఎ, ద మాత్రం ఇంకా రాలేదు. నాకే సరిగ్గా రావు, ఏం చెబుతాను?

పాత మాటల పుస్తకంలో పంతొమ్మిది మాటలు చేరాయి. మొదటిది అడ్రస్. పక్కన మెట్ల బొమ్మ వేసుకుంది, తన తప్పుకి గుర్తుగా.

నమూనాలకి నాయనమ్మ బాగా పనికొచ్చింది. 'ఇట్ వజ్ నాట్ అంటిల్ ఆంటీ మేడ్ ఫిఫ్టీ అగ్లీ వాంటన్స్ దట్ గ్రాండ్‌మా స్మైల్డ్.' యాభై అబద్ధం, ముప్ఫై కూడా ఉండవు. 2023 పేపరులో వ్యాకరణం ఖాళీల ప్యాసేజ్ షావ్‌లాంగ్‌బావ్ మీద వచ్చింది, అదీ లోపల సూప్ ఉండే ఆవిరి కుడుమే. అది చేయించేటప్పుడు నాయనమ్మ వంటింట్లోంచి వచ్చి, మా ఇంటివైపు చేసేది ఇలా కాదు అని పరీక్ష పెట్టినవాళ్లని తప్పుపట్టింది. ఒక ఖాళీ ఆవిడ వల్లే తప్పైంది.

కథకి గొడుగు వాక్యమే తీసుకున్నాం. నాయనమ్మ షాంఘైలో కొన్న గొడుగు పిల్ల బస్సులో మర్చిపోయింది, రెండో పేరా మొదటి వాక్యం నేను ఇచ్చాను: వెన్ ఐ రీచ్డ్ హోమ్, గ్రాండ్‌మా వజ్ స్టాండింగ్ ఎట్ ద డోర్. మొదట రాసింది: ఎ వేవ్ ఆఫ్ గిల్ట్ వాష్డ్ ఓవర్ మీ. నేనేమీ అనలేదు. 'నిజంగా నువ్వు తడిసి వస్తే మీ నాయనమ్మ ఏం చేస్తుంది?' అని మాత్రం అడిగాను. పెన్సిల్ కొరుక్కుంటూ కూర్చుని, కొట్టేసి, మళ్లీ రాసింది: షి లుక్డ్ ఎట్ మై వెట్ హెయిర్ అండ్ డిడ్ నాట్ ఆస్క్ ఎబౌట్ ది అంబ్రెల్లా.

ఇక మార్కులు. డీ ప్యాసేజ్‌లో నాలుగు ప్రశ్నలకి ఇదివరకు ఒకటి వచ్చేది, ఈసారి మూడు. కథకి మాత్రం 25కి 16. పోయిన నెల 17. పేపరు మార్జిన్‌లో వాళ్ల టీచరు 'భావాల వాక్యాలు తక్కువ' అని రాశారట. సుద్దముక్క మాస్టారు ముందే చెప్పారు, తప్పు నాదే. వచ్చే నెల ఒక కెరటం పెడతానంటోంది పిల్ల. ఎక్కడ పెట్టాలో తనే చూసుకుంటుందట. నేను సరేనన్నాను.

గోదారిగట్టు_టీచర్ | ఆదివారం, మధ్యాహ్నం 3:05

ఆ తడి జుట్టు వాక్యం ఇంకోసారి చదివాను. ఆ ఒక్క మార్కూ నేనిస్తాను, రాసుకోమనండి.

సుద్దముక్క | ఆదివారం, సాయంత్రం 4:40

ముందే చెప్పానని నేను సంబరపడటం లేదమ్మా. ఆ వాక్యం నా దగ్గరకొచ్చి ఉంటే మార్కు వేసేవాణ్ణా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. పేపర్లు దిద్దే రోజుల్లో, మధ్యాహ్నం భోజనమయ్యాక, నూరో పేపరు దగ్గర? చెప్పలేను.

ఆ గొడుగు కథ మొదటి పేరా, నువ్వు ఇచ్చిన వాక్యం ఇక్కడ పెట్టగలవా? పిల్ల రాసింది వద్దు, ప్రశ్న చాలు. రేపు రెండో పీరియడ్ ఖాళీగా ఉంది, మా పిల్లల చేత రాయిస్తాను. వీళ్ల నాయనమ్మలు ఏం చేస్తారో చూద్దాం.